నిద్రలోకి వచ్చే అల: న్యూమెనోర్ మునకపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2022లో మొదలైన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ ధారావాహికలో మిరియెల్ అనే రాణి తన ద్వీపాన్ని సముద్రం మింగేస్తున్నట్టు పీడకల కని ఉలిక్కిపడి లేస్తుంది. ఈ కల మూలకథలో ఉన్నదేనా? అసలు ఆ ప్రళయగాథ ఏమిటో వివరంగా చెప్పగలరా?

జవాబు: కల మూలంలో ఉంది, కానీ కన్నది మిరియెల్ కాదు. అది ఎవరి కలో చెప్పే ముందు గాథ చెప్పుకోవాలి.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) సృష్టించిన మిడిల్ ఎర్త్ పురాణంలో, మోర్గోత్ అనే ఆదిమ దుష్టశక్తి మీద జరిగిన యుద్ధంలో ధర్మపక్షాన నిలిచిన మానవులకు వలార్ అనే దివ్యశక్తులు ఒక ద్వీపాన్ని బహుమానంగా ఇస్తారు. అయిదు కోణాల నక్షత్రం ఆకారంలో, నడుమ మెనెల్తార్మ అనే పవిత్రపర్వతంతో ఉన్న ఆ ద్వీపమే న్యూమెనోర్. అక్కడి వారికి సామాన్య మానవులకంటే ఎన్నో రెట్లు ఆయుర్దాయం ఉండేది. మొదటి రాజు ఎల్రోస్ 500 ఏళ్లు బతికాడు. వారికి విధించిన నిషేధం ఒక్కటే: తమ తీరం కనుమరుగయ్యేంత దూరం పడమటి దిక్కుగా ఓడ నడపకూడదు, ఎందుకంటే ఆ దిక్కున మరణం లేనివారు నివసించే భూమి ఉంది.

తొలి తరాలకు ఈ నిషేధం భారంగా తోచలేదు. సంపద, నౌకాబలం పెరిగేకొద్దీ మరణం తమకు జరుగుతున్న అన్యాయంగా కనిపించసాగింది. జీవించి ఉన్నవారి ఇళ్లకంటే గొప్పగా సమాధులు కట్టారు, మృతదేహాలు చెడకుండా ఉంచే విద్య నేర్చారు, ఆయువును పొడిగించే ఉపాయాలు వెతికారు. ఇంత చేసినా వారి ఆయుర్దాయం తరతరానికీ తగ్గుతూనే వచ్చింది. పదమూడో రాజు తార్-అతనామిర్ కాలం నాటికి, వేళ వచ్చినప్పుడు స్వచ్ఛందంగా ప్రాణం విడిచే పూర్వుల పద్ధతి కూడా పోయి, మతి తప్పేవరకు సింహాసనాన్ని పట్టుకుని వేలాడే పద్ధతి మొదలయింది.

ఇరవై అయిదో పాలకుడు ఆర్-ఫరజోన్, సింహాసనానికి వారసురాలైన మిరియెల్‌ను ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా పెళ్లాడి రాజ్యం కాజేస్తాడు. మోర్గోత్ అనుచరుడైన సౌరోన్ మీదికి దండెత్తి, అతణ్ణి బందీగా ద్వీపానికి తెస్తాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆ బందీ రాజుకు ప్రధాన సలహాదారు అవుతాడు. అతని మాట మీద నిమ్లోత్ అనే శ్వేతవృక్షాన్ని నరికి కాలుస్తారు, రాజధాని అర్మెనెలోస్‌లో మోర్గోత్ కోసం పెద్ద ఆలయం కట్టి అందులో నరబలులు ఇస్తారు. చివరకు వృద్ధుడైపోయి మృత్యుభయంతో వణుకుతున్న రాజు, అమరత్వాన్ని బలప్రయోగంతో గెలుచుకోవచ్చునన్న సౌరోన్ బోధ నమ్మి, రెండో యుగం 3319వ సంవత్సరంలో మహానౌకాదళంతో పడమటికి బయలుదేరుతాడు. నౌకలు వెళ్లిన ముప్ఫై తొమ్మిదో రోజున సముద్రం లేచి ద్వీపాన్ని ముంచివేసింది. నిషేధాన్ని గౌరవిస్తూ వచ్చిన ఎలెండిల్, అతని కుమారులు ఇసిల్దుర్, అనారియోన్ తొమ్మిది ఓడలలో తప్పించుకుని మిడిల్ ఎర్త్ తీరానికి చేరారు.

మూలంలో మిరియెల్ కలలు కన్న ప్రస్తావన లేదు. చిట్టచివరి ఘడియలో ఆమె మెనెల్తార్మ శిఖరానికి ఎక్కబోతుండగా అల ఆమెను అందుకుంటుంది, అంతే. ధారావాహిక రచయితలు ఆమెకు ఇచ్చిన పీడకల నిజానికి టోల్కీన్ స్వయంగా కన్నది.

ప్రశ్న: రచయితకే ఆ కల వచ్చేదనడానికి ఆధారం ఏమిటి? అభిమానులు అల్లిన కథ కాదు కదా?

జవాబు: కాదు. ఆయన లేఖలలోనే ఉంది. 1955 జూన్‌లో కవి డబ్ల్యూ.హెచ్. ఆడెన్‌కు రాసిన సుదీర్ఘమైన లేఖలో, తనకు జ్ఞాపకం ఉన్న కాలం నుంచీ ఒకే భయంకరమైన కల పదే పదే వచ్చేదని, చెట్ల మీదుగా, పచ్చని పొలాల మీదుగా తప్పించుకోవడానికి వీలులేని మహాతరంగం ఒకటి పైకి లేచి వచ్చేదని టోల్కీన్ చెప్పుకున్నారు. ఈ కలను ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని ఫరామిర్ అనే పాత్రకు ఇచ్చానని కూడా అదే లేఖలో రాశారు. ఫరామిర్ ఆ మాట చెప్పే మూడో సంపుటం అప్పటికింకా అచ్చయి బయటికి రాలేదు.

అదే లేఖలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. ఈ కల తనకు తల్లిదండ్రుల నుంచి సంక్రమించి ఉండవచ్చునని ఆయన ఊహించారు, కానీ నిర్ధారించుకునే అవకాశం లేకపోయింది. తండ్రి 1896లో, తల్లి 1904లో చనిపోయారు, అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు. మరోవైపు, తన సంతానంలో ఒక్కరికి మాత్రం ఇదే కల వస్తుందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఒక్కరు రెండో కుమారుడు మైకేల్. తండ్రి కల సంగతి కొడుక్కీ, కొడుకు కల సంగతి తండ్రికీ అంతవరకూ తెలియదు. దీన్ని శాస్త్రీయంగా ఎలా వివరించాలన్నది వేరే చర్చ. టోల్కీన్ మాత్రం దీన్ని వారసత్వంగానే భావించారు, ఆయన కల్పించిన గాథ మొత్తం ఆ భావన మీదే నిలబడి ఉంది.

ప్రశ్న: కథగా రాసేశాక ఆ పీడకల ఆయన్ను వదిలిపెట్టిందా?

జవాబు: ఈ ప్రశ్నకు ఆయనే రెండు రకాలుగా జవాబిచ్చారు. న్యూమెనోర్ పతనగాథ రాసిన తరువాత ఆ కల మళ్లీ వచ్చినట్టు లేదని 1955 లేఖలో అన్నారు. 1964లో రాసిన మరో లేఖలో మాత్రం, రాయడం వల్ల దాని పీడ చాలావరకు వదిలినా ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తూనే ఉందని, ప్రతిసారీ అలకు లొంగిపోవడంతోనే కల ముగుస్తుందని, లోతైన నీటిలోంచి బయటపడినవాడిలా ఊపిరి అందక మేలుకుంటానని వివరించారు. మధ్యలో తొమ్మిదేళ్లు గడిచాయి. మానిందనుకున్నది తిరగబెట్టి ఉండవచ్చు.

పీడకలలతో బాధపడేవారి కోసం ఇమేజరీ రిహార్సల్ థెరపీ అనే చికిత్సా పద్ధతి ఒకటి ఉంది. మెలకువలో ఉండగా ఆ కలను కాగితం మీద పెట్టి, అందులో తమకు నచ్చినట్టు ఏదో ఒకటి మార్చి, మార్చిన కలను రోజూ మనసులో మననం చేసుకోవాలి. టోల్కీన్‌కు చికిత్స చేసుకుంటున్నానన్న ఉద్దేశం లేదు. పైగా ఆయన అలను ఆపలేదు, చిన్నది చేయలేదు, దారి మళ్లించలేదు. ఆయన కలలో లొంగిపోవడమొక్కటే ముగింపు కాగా, కథలో తొమ్మిది ఓడలు బయటపడ్డాయి. ఆయన చేసిన మార్పు ఇంతే, అయితే మిడిల్ ఎర్త్ మూడో యుగపు చరిత్ర అంతా ఆ ఓడల మీదే నడిచింది. ఇది చదివి పీడకలలకు కథారచనే మందు అనుకోకండి. నిద్ర తరచుగా చెడుతున్నవారు వైద్యుణ్ణి కలవడమే మంచిది.

ప్రశ్న: ఎప్పుడో మునిగిన ద్వీపం ఫరామిర్ కలలోకి ఎందుకు వస్తుంది? అతడు దాన్ని చూడనే లేదు కదా?

జవాబు: చూడలేదు. లెక్క వేస్తే న్యూమెనోర్ మునిగిన తరువాత దాదాపు 3,140 సంవత్సరాలకు జరిగే సన్నివేశం అది. మినాస్ తిరిత్ నగరపు గోడ మీద ఫరామిర్, ఎయోవిన్ అనే యువతి నిలబడి ఉంటారు. దూరాన యుద్ధం ఎటు తిరిగిందో వారికి తెలియదు. సరిగ్గా సౌరోన్ శక్తి ముడిపడి ఉన్న ఉంగరం నాశనమైన ఘడియలో తూర్పున కొండంత చీకటి పైకి లేవగా, దాన్ని చూసి ఫరామిర్‌కు న్యూమెనోర్ గుర్తుకొస్తుంది. పచ్చని నేలను, కొండలను దాటుకుంటూ వచ్చే నల్లని అలను తాను తరచూ కలగంటానని చెబుతాడు. అతడు న్యూమెనోర్ నుంచి వచ్చినవారి వంశీకుడు. గ్రంథాలయంలో చదివి తెలుసుకున్న చరిత్ర వేరు, నిద్రలో వెంటాడే చరిత్ర వేరు. ఈ రెండోది అతనికి నెత్తుటిలో వచ్చింది.

ఆ సన్నివేశంలో నాకు గొప్పగా తోచేది దాని వ్యంగ్యం. చీకటి పైకి లేవడం చూసి ఫరామిర్ ప్రళయాన్నే తలచుకుంటాడు, కానీ నిజానికి ఆ క్షణంలో కూలుతున్నది సౌరోన్. న్యూమెనోర్‌ను ముంచడానికి కారకుడైనవాడే అంతమవుతున్న దృశ్యం, న్యూమెనోర్ మునక లాగే కనిపిస్తుంది. కల తప్పు చెప్పలేదు, కాకపోతే ఈసారి మునిగేవాడు మారాడు.

కల ద్వారా మునిగిన భూమి సంగతి వంశపారంపర్యంగా రావడం అనే ఊహ ఫరామిర్‌తో పుట్టింది కాదు. 1936 ప్రాంతంలో టోల్కీన్, ఆయన మిత్రుడు సి.ఎస్. లూయిస్ ఒక ఒప్పందానికి వచ్చారు: లూయిస్ అంతరిక్షయానం మీద, టోల్కీన్ కాలయానం మీద చెరొక కథ రాయాలి. లూయిస్ తన నవల పూర్తి చేసి 1938లో ప్రచురించారు. టోల్కీన్ మొదలుపెట్టిన ‘ది లాస్ట్ రోడ్’ కొన్ని అధ్యాయాల వద్ద ఆగిపోయింది. ఆ కాలయానంలో యంత్రం లేదు. ఒకే అర్థం వచ్చే పేర్లు గల తండ్రీకొడుకులు చరిత్రలో మళ్లీ మళ్లీ పుడుతూ, కలల దారిన వెనక్కి వెనక్కి వెళ్లి, న్యూమెనోర్ మునిగే నాటి ఎలెండిల్, అతని కొడుకు వరకు చేరాలని ఆయన పథకం. ఆల్బోయిన్ అనే కుర్రవాడు పడమటి ఆకాశంలో గద్దల ఆకారంలో కమ్ముకొస్తున్న మేఘాలను చూసి, పడమటి ప్రభువుల గద్దలు న్యూమెనోర్ మీదికి వస్తున్నాయని పైకి అనేస్తాడు. న్యూమెనోర్ అంటే ఏమిటో అప్పటికి అతనికే తెలియదు. పతనగాథలో ఆ గద్దమేఘాలు ప్రళయానికి ముందు ద్వీపవాసులకు కనిపించిన అపశకునం. శకునం ఒక యుగంలో, దాన్ని చూసి వణికేవాడు మరో యుగంలో ఉండడం ఎంత అందమైన ఊహో చూడండి. పుస్తకం పూర్తికాకపోవడం నిజంగా నష్టమే.

1945–46లో ఆయన మళ్లీ అదే ప్రయత్నం ‘ది నోషన్ క్లబ్ పేపర్స్’ అనే అసంపూర్ణ రచనలో చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో సమావేశమయ్యే ఒక మిత్రబృందంలోని ఇద్దరికి కలలలో అపరిచిత భాషల ముక్కలు వినిపిస్తుంటాయి. ఒక రాత్రి పెనుతుఫాను వచ్చినప్పుడు వారిద్దరూ ఆక్స్‌ఫర్డ్‌ను మరచిపోయి, మునిగిపోతున్న న్యూమెనోర్‌లో ఉన్నట్టే ప్రవర్తిస్తారు. అంటే అక్కడ పీడకల నిద్ర గట్టు దాటి మెలకువలోకి పొంగింది. టోల్కీన్ ఆ ఊహాతుఫానును భవిష్యత్తులో, 1987 జూన్‌లో పెట్టారు. 1987 అక్టోబర్ 15–16 రాత్రి దక్షిణ ఇంగ్లండ్‌ను నిజంగానే ఒక మహాతుఫాను కుదిపివేసింది. కాకతాళీయమే, నాలుగు నెలల తేడా కూడా ఉంది. అయినా ఇలాంటి గాథ చెప్పేటప్పుడు ఈ సంగతి ప్రస్తావించకుండా ఉండడం ఎవరికైనా కష్టమే.

ప్రశ్న: మహాభారతంలో ద్వారక మునగడం కూడా ఇలాంటిదే కదా?

జవాబు: సముద్రం వచ్చి నగరాన్ని కప్పడం వరకు ఒకటే. మౌసలపర్వంలో యాదవులు ముందే ఒకరినొకరు చంపుకుని నశిస్తారు, మిగిలినవారిని అర్జునుడు వెంటబెట్టుకుని బయలుదేరాక సముద్రం ద్వారకను కప్పుతుంది. అక్కడ అల వచ్చేది ఖాళీ అయిన నగరం మీదికి. న్యూమెనోర్‌లో అల వచ్చేసరికి ఇళ్లలో మనుషులున్నారు.

ప్రశ్న: దండెత్తినవాడు రాజు. శిక్ష ద్వీపంలోని పసిపిల్లలకు కూడా ఎందుకు? అలాంటి దైవాన్ని మంచివాడని ఎలా అనగలం?

జవాబు: ఈ సంచికకు వచ్చిన ప్రశ్నలలో అన్నిటికంటే బరువైనది ఇదే, దీనికి తృప్తికరమైన జవాబు గాథలో దొరకదు. ముందు కొన్ని వివరాలు. ప్రళయాన్ని రప్పించినవారు వలార్ కారు. రాజు నిషిద్ధభూమి మీద కాలు పెట్టగానే వారు లోకపాలన బాధ్యతను పక్కన పెట్టి సృష్టికర్త ఇలూవతార్‌ను ప్రార్థిస్తారు. ఇలూవతార్ లోకపు రూపాన్నే మార్చివేస్తాడు: అంతవరకు బల్లపరుపుగా ఉన్న లోకం గుండ్రం అవుతుంది, అమరుల భూమి మానవులు చేరగల లోకం నుంచి తొలగిపోతుంది, సముద్రంలో తెరుచుకున్న అగాధంలో నౌకాదళం పడిపోతుంది, ఆ కల్లోలంలోనే న్యూమెనోర్ కూడా మునుగుతుంది. కాలు పెట్టిన రాజు, అతని సైనికులు కూలిన కొండల కింద గుహలలో బందీలవుతారు. ఇక మిగిలిన మానవులు ఎన్నాళ్లు పడమటికి ఓడ నడిపినా బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు.

కనుక అలను కేవలం శిక్ష అనడం కంటే, లోకం నిర్మాణం మారినప్పుడు మధ్యలో నలిగిన భూమి అనడం కథకు దగ్గరగా ఉంటుంది. అయినా మీ ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది, ఎందుకంటే స్త్రీలు, పిల్లలు కూడా మునిగారని గాథ దాచకుండా చెబుతుంది, వారి నవ్వులనూ పాటలనూ తలచుకుని దుఃఖిస్తుంది. నిషేధం ఎందుకు పెట్టారో వలార్ తమ దూతల ద్వారా ముందే చెప్పిన మాట నిజం: అమరుల భూమి ఎవరినీ అమరులను చేయదు, మరణం మానవులకు సృష్టికర్త ఇచ్చిన కానుక. ఇది విన్న రాజుల వాదన కూడా బలహీనమైనది కాదు. కానుక అంటున్నవారు చావరు, అందుకున్నవారు చస్తారు. ఇవతల నిలబడినవాడికి దాన్ని కానుకగా నమ్మడం ఎంత కష్టం! టోల్కీన్ గాఢమైన కాథలిక్ విశ్వాసి అయినా ఈ వాదనను చులకన చేయకుండా పూర్తిగా వినిపించడం వల్లనే ఈ కథ నీతికథ స్థాయిలో ఆగిపోలేదని నా అభిప్రాయం.

పీడకలకు దీనితో సంబంధం ఉంది. న్యూమెనోర్ ప్రజలు భయపడింది అలకు కాదు, మంచం మీద వచ్చే మామూలు చావుకు. దాన్నుంచి పారిపోబోయి, అంతకు వేయి రెట్లు ఘోరమైన చావును తమ మీదికి తెచ్చుకున్నారు. తరువాతి తరాలకు కలగా మిగిలింది ఆ రెండో చావు.

ప్రశ్న: ప్రాచీన విపత్తును, పీడకలలను ముడిపెట్టిన ఇతర ఊహాలోకాలు ఉన్నాయా?

జవాబు: వెంటనే గుర్తుకొచ్చేది హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937). 1928 ఫిబ్రవరిలో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వచ్చిన ఆయన కథ ‘ది కాల్ ఆఫ్ క్తుల్హూ’లో, పసిఫిక్ సముద్రం అడుగున మునిగి ఉన్న నగరంలో ఒక ప్రాచీన భయంకర జీవి నిద్రిస్తుంటుంది. 1925 వసంతంలో ఆ నగరం కొన్నాళ్లు పైకి తేలినప్పుడు ఎక్కడెక్కడో ఉన్న కవులకు, చిత్రకారులకు ఒకేసారి పీడకలలు వస్తాయి. వ్యాపారులకు, శాస్త్రవేత్తలకు పెద్దగా ఏమీ కాదు. లవ్‌క్రాఫ్ట్ కూడా చిన్ననాటి నుంచి పీడకలలు కన్నవాడే. నల్లని, ముఖం లేని రెక్కల జీవులు తనను ఎత్తుకుపోతున్నట్టు బాల్యంలో వచ్చిన కలలను ఆయన తరువాత రచనలలో వాడుకున్నారు.

పైకి పోలికగా కనిపించినా ఈ ఇద్దరివీ ఎదురెదురు దారులు. లవ్‌క్రాఫ్ట్ లోకంలో కల బయటినుంచి చొరబడుతుంది, మనుషులతో నిమిత్తం లేని శక్తి దాన్ని పంపుతుంది, అది రాబోయే విపత్తుకు సూచన. టోల్కీన్ లోకంలో కల లోపలినుంచి వస్తుంది, మన పూర్వులు చేసినదాన్ని గుర్తుచేస్తుంది, విపత్తు అప్పటికే జరిగిపోయింది. ఒళ్లు గగుర్పొడిచే విషయంలో లవ్‌క్రాఫ్ట్‌కే మొగ్గు. దుఃఖం కావాలంటే న్యూమెనోర్‌కు వెళ్లాలి.

ప్రశ్న: ఇదంతా అట్లాంటిస్ కథే కదా? అలాంటి ద్వీపం నిజంగా ఉండేదా?

జవాబు: అట్లాంటిస్ ప్రభావాన్ని టోల్కీన్ బాహాటంగానే ఒప్పుకున్నారు. ఆ కథకు మనకు దొరికే మొదటి ఆధారం సుమారు క్రీ.పూ. 360లో ప్లేటో రాసిన ‘టిమేయస్’, ‘క్రిటియాస్’ అనే సంవాదాలు. ఒక్క పగలు, ఒక్క రాత్రిలో ద్వీపం మునిగిందని అందులో ఉంది. చరిత్రకారులలో ఎక్కువమంది దాన్ని ప్లేటో కల్పనగానే చూస్తారు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో గ్రీసు దేశపు థెరా ద్వీపంలో బద్దలైన అగ్నిపర్వతం దానికి ప్రేరణ అని కొందరి ఊహ. న్యూమెనోర్ విషయానికొస్తే సముద్రగర్భంలో వెతకవలసిన పని లేదు.

ప్రశ్న: ఇవన్నీ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టోల్కీన్ మరణానంతరం కుమారుడు క్రిస్టఫర్ పరిష్కరించి 1977లో ప్రచురించిన ‘ది సిల్మరిలియన్’లో న్యూమెనోర్ పతనగాథ చెప్పే ‘అకల్లబేత్’ అనే భాగం ఉంది. ముందు అదే చదవండి; ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది, ఆ గ్రంథంలోని మిగతా భాగాలు చదవకపోయినా అర్థమవుతుంది. ఫరామిర్ కల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో సంపుటంలోని ఆరో పుస్తకం అయిదో అధ్యాయంలో ఉంది, కానీ ముందున్నదంతా చదవకుండా నేరుగా అక్కడికి వెళితే దాని బలం తెలియదు. ద్వీపం భూగోళం, రాజుల వంశావళి తెలుసుకోవాలనుకునేవారికి 1980లో వచ్చిన ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’ ఉపయోగపడుతుంది. ఆగిపోయిన రెండు కాలయాన రచనలు క్రిస్టఫర్ సంపాదకత్వంలోనే 1987లో ‘ది లాస్ట్ రోడ్ అండ్ అదర్ రైటింగ్స్’గా, 1992లో ‘సౌరోన్ డిఫీటెడ్’గా అచ్చయ్యాయి, అవి ఓపిక ఉన్నవారికి మాత్రమే, వ్యాఖ్యలు, చిత్తుప్రతులు ఎక్కువ. వేర్వేరు గ్రంథాలలో చెదిరి ఉన్న న్యూమెనోర్ కథనాలను కాలక్రమంలో పేర్చి బ్రయాన్ సిబ్లీ కూర్చిన ‘ది ఫాల్ ఆఫ్ న్యూమెనోర్’ 2022లో వెలువడింది. ధారావాహిక చూసి ఆసక్తి కలిగినవారికి రెండో మెట్టుగా అది సరిపోతుంది.